గుర్రబ్బండి నుంచి స్పెషల్ ట్రైన్ దాకా: పాతకాలం అమెరికా సర్కస్ అసలు ఎలా నడిచేది

సర్కస్ అనగానే మనకి అన్నీ కలిపి ఒకేసారి గుర్తొస్తాయి. ఏనుగులు, సింహాలు, బఫూన్లు, పైన ఉయ్యాలల మీద ఊగేవాళ్ళు, గుర్రం మీద నిలబడి గిరగిరా తిరిగేవాళ్ళు, బయట బ్యాండు మేళం. ఇవన్నీ పుట్టినప్పట్నుంచీ ఒకే డేరా కింద ఉన్నాయనిపిస్తుంది కానీ అలా కాదు. గుర్రాల ఆట ఒకళ్ళది, జంతువుల్ని బోనుల్లో పెట్టి చూపించడం ఇంకొకళ్ళ వ్యాపారం, "వింత మనుషులు" అని బోర్డు పెట్టి మనుషుల్ని చూపించడం మూడో వ్యాపారం. ఇవన్నీ 19వ శతాబ్దం అమెరికాలో ఒకదాన్నొకటి ఢీకొట్టుకుంటూ, ఒకదాన్నొకటి కొనేసుకుంటూ చివరికి ఒకే టికెట్ కిందకి వచ్చాయి.

ఎలా వచ్చాయో చూస్తే నాకు గట్టిగా అనిపించే మాట ఒకటుంది. డేరా లోపల ఏ ఆట ఆడాలి, ఎంతమంది ఆడాలి, బఫూన్ మాట్లాడాలా వద్దా అనే వాటిని చాలావరకు తేల్చింది ఆ కంపెనీ ఊరి నుంచి ఊరికి ఎలా ప్రయాణం చేస్తోంది అన్నదే. బండ్ల మీద తిరిగితే ఒక రకం షో, నది మీద తిరిగితే ఇంకో రకం, రైలెక్కాక పూర్తిగా వేరే షో. చాలా పుస్తకాలు పి. టి. బార్నమ్ అనే షో వ్యాపారి గురించి, ఆయన కొన్న జంబో ఏనుగు గురించి బోలెడు కథలు చెప్తాయి కానీ ఈ రవాణా సంగతి ఏదో పక్క విషయంలా దాటేస్తాయి, నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

మొదలు లండన్‌లో. ఫిలిప్ ఆస్ట్లీ అని అశ్వికదళంలో సార్జెంట్ మేజర్‌గా చేసినాయన 1768లో గుర్రాల మీద విన్యాసాలు చూపించడం మొదలుపెట్టాడు. గుర్రం తిన్నగా పరిగెడితే జనానికి కనపడేది ఒక్క క్షణమే, గుండ్రంగా తిప్పితే అందరికీ ఎదురుగానే ఉంటుంది, పైగా గుర్రం వేగంగా వలయంలో తిరుగుతూ లోపలికి వాలినప్పుడు పైన నిలబడ్డ మనిషికి ఆ వేగమే ఆసరా అవుతుంది, బ్యాలెన్స్ కుదురుతుంది. అలా సర్దుకుంటూ సర్దుకుంటూ రింగ్ కొలత 42 అడుగుల వ్యాసం దగ్గర స్థిరపడిపోయింది, ఇప్పటికీ చాలా సర్కసుల్లో అదే కొలత. గుర్రాల ఆటకీ ఆటకీ మధ్య ఖాళీ నింపడానికి తాడు మీద నడిచేవాళ్ళని, పల్టీలు కొట్టేవాళ్ళని, నవ్వించేవాళ్ళని పెట్టుకున్నాడు ఆయన. అంటే మొదట్లో మెయిన్ ఐటమ్ గుర్రమే, మిగతావన్నీ మధ్యలో వచ్చేవి.

ఇదే పద్ధతిని జాన్ బిల్ రికెట్స్ 1793లో ఫిలడెల్ఫియాకి తీసుకొచ్చాడు, జార్జ్ వాషింగ్టన్ కూడా వెళ్ళి చూశాడు. కానీ అప్పట్లో సర్కస్ అంటే ఊళ్ళో చెక్కతో కట్టిన బిల్డింగే. ఆ బిల్డింగుకి బోలెడు ఖర్చు, కొన్నాళ్ళకి ఆ ఊళ్ళో చూసేవాళ్ళందరూ చూసేస్తారు, వేరే ఊరికి పోతే మళ్ళీ కట్టుకోవాలి, పైగా దీపాల వల్ల నిప్పు భయం. రికెట్స్ ఫిలడెల్ఫియా బిల్డింగ్ 1799లో అలాగే కాలిపోయింది. ఈ ఇబ్బందికి జవాబు 1825లో దొరికింది, జాషువా పర్డీ బ్రౌన్ అనే ఆయన డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో కాన్వాస్ గుడారం కింద సర్కస్ ఆడించాడు. గుడ్డ చుట్టుకుని బండెక్కిస్తే చాలు, ఏ ఊరైనా మన ఊరే. మన దేశంలో డేరాలకి కొత్తేం లేదు కాబట్టి ఇదేమంత గొప్ప అనిపించొచ్చు కానీ అమెరికా అప్పుడు ఎక్కడెక్కడో విసిరేసినట్టున్న చిన్న చిన్న పల్లెల దేశం, ఒక్కో పల్లెలో ఒక్క రోజు ఆటకి సరిపడా జనమే ఉండేవాళ్ళు. గుడారం వచ్చాకే ఒక్క రోజు ఆడి రాత్రికి రాత్రి లేచిపోయే పద్ధతి కుదిరింది.

జంతువుల సంగతి దీనికి సంబంధం లేకుండా ఇంకోవైపు నడుస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలో సోమర్స్ అనే పల్లెలో హకలయా బెయిలీ అనే ఆయన ఒక ఏనుగుని కొన్నాడు, దాన్ని ఓల్డ్ బెట్ అనేవాళ్ళు. ఊరూరా నడిపించుకుంటూ తీసుకెళ్ళి డబ్బులు తీసుకుని చూపించేవాడు. పగలు నడిపిస్తే జనం రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూసేస్తారని రాత్రిళ్ళే నడిపించేవాళ్ళు. 1816లో మెయిన్ రాష్ట్రంలో ఎవరో దాన్ని తుపాకీతో కాల్చి చంపేశారు. అయినా సోమర్స్ చుట్టుపక్కల రైతులందరికీ ఈ వ్యాపారం రుచి తెలిసిపోయింది, 1835కల్లా మెనాజరీ (జంతువుల్ని ఊరూరా తిప్పి చూపించే కంపెనీ) యజమానులంతా కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకునే స్థాయికి వెళ్ళారు.

సర్కస్, మెనాజరీ కలవడానికి కారణం చర్చి. ఆ రోజుల్లో అమెరికాలో భక్తిపరులకి సర్కస్ అంటే పడేది కాదు, బిగుతు బట్టలేసుకున్న ఆడవాళ్ళు, బూతు జోకులేసే బఫూన్లు, చుట్టూ తాగుడు, జూదం. కొన్ని రాష్ట్రాలు చట్టం పెట్టి మరీ ఆపేశాయి. జంతువుల్ని చూడ్డం మాత్రం విజ్ఞానం, దేవుడి సృష్టిని చూడ్డం కిందకి వచ్చేది, పాస్టర్ గారు కూడా పిల్లల్ని తీసుకుని రావచ్చు. సర్కస్ వాళ్ళకి పరువు కావాలి, మెనాజరీ వాళ్ళకేమో బోనులో పడుకున్న సింహాన్ని చూపిస్తే జనం రెండోసారి రావట్లేదు, అందుకే ఆట కావాలి. 1830ల్లో ఐజాక్ వాన్ ఆంబర్గ్ అనే కుర్రాడు సింహాల బోనులోకి దిగి, రోమన్ వేషంలో నిలబడి, సింహం నోట్లో తల పెట్టడంతో ఈ రెండూ దగ్గరయ్యాయి. బైబిల్‌లో మనిషికి జంతువుల మీద అధికారం ఇచ్చారు కదా, అదే నేను చూపిస్తున్నా అన్నట్టు నడిపించేవాడు. 1839లో లండన్‌లో విక్టోరియా రాణి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసింది ఆ ఆటని. లోపల జరిగింది మాత్రం ఇనప కడ్డీతో కొట్టి కొట్టి లొంగదీసుకోవడమే, దాన్ని నేను ఏ ధైర్యం ఖాతాలోనూ వేయలేను.

ఇప్పుడు బండ్ల సర్కస్ ఎలా కదిలేదో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఆ కష్టం తెలిస్తేనే తర్వాత రైలు ఏం మార్చిందో అర్థమవుతుంది. ఆట అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. గుడారం దించాలి, గుంజలు పీకాలి, తడిసిన కాన్వాస్ అయితే రెట్టింపు బరువు, అదంతా బండ్లకెక్కించి బయల్దేరితే తెల్లారేలోపు పది పదిహేను మైళ్ళు పోతే గొప్ప. రోడ్లంటే రోడ్లు కావు, బురద. వాటికి బురద షోలు అనే పేరే పడిపోయింది. అందరికంటే ముందు ఒక మనిషి గుర్రం మీద వెళ్ళేవాడు, దారి రెండుగా చీలిన ప్రతిచోటా దిగి, పక్క పొలం కంచెలోంచి ఒక కర్ర పీకి, వెళ్ళకూడని దారికి అడ్డంగా పడేసేవాడు. వెనకొచ్చే బండివాళ్ళు చీకట్లో, సగం నిద్రలో, ఆ కర్ర ఎటు పడుందో చూసి రెండో దారి పట్టేవాళ్ళు. ఆ కర్ర ఎవరైనా తీసేశారంటే సగం సర్కస్ ఒక ఊరికి, సగం ఇంకో ఊరికి. తెల్లారాక కొత్త ఊరు దగ్గరపడగానే ఏ వాగు పక్కనో ఆగి, గుర్రాల్ని కడిగి, బురద బట్టలు విప్పి జరీ బట్టలేసుకుని, బ్యాండు వాయించుకుంటూ ఊరేగింపుగా ఊళ్ళోకి. నిద్రలేని మనుషులు నవ్వుకుంటూ చేతులూపుతూ వెళ్ళడమే ఆ ఊరేగింపంటే. మళ్ళీ ఆ రోజు రెండు ఆటలు.

ఇలా తిరిగే కంపెనీ ఎంత పెద్దది కాగలదు? గుర్రాలు లాగగలిగినంతే. కాబట్టి ఒక్కటే రింగ్, ఒక మాదిరి గుడారం, వెనక వరసలో కూర్చున్నాయనకి కూడా రింగులో మాట్లాడేది వినపడుతుంది. అందుకే ఆ కాలానికి రాజు బఫూనే. డాన్ రైస్ అని 1823లో న్యూయార్క్‌లో పుట్టినాయన, ఆయన పల్టీలు కొట్టడం కంటే మాట్లాడ్డం ఎక్కువ. పాటలు పాడేవాడు, షేక్స్‌పియర్ డైలాగుల్ని తిప్పి చెప్పి నవ్వించేవాడు, చదువుకున్న పందిని పట్టుకొచ్చి ఆడించేవాడు, ఆ ఊరి పెద్దమనిషి మీద, దేశ రాజకీయాల మీద అక్కడికక్కడ కౌంటర్లు వేసేవాడు, జనం కూడా గ్యాలరీలోంచి తిరిగి అరిచేవాళ్ళు, దానికి మళ్ళీ ఈయన జవాబు. 1868లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని బయల్దేరాడంటే ఆయన పేరు ఎంత పాకిందో ఊహించుకోండి. ఇప్పటి స్టాండప్ కమెడియన్, పొలిటికల్ సెటైర్, టీవీ షో అన్నీ కలిపి ఒక్క మనిషిలో ఉండేవి.

మధ్యలో నదుల దారి కూడా ఉంది. స్పాల్డింగ్, రోజర్స్ అని ఇద్దరు భాగస్వాములు 1852లో ఫ్లోటింగ్ ప్యాలెస్ అని ఒక తేలే సర్కస్ హాలే కట్టించారు, దాదాపు 3,400 మంది కూర్చునేంత పెద్దది, దాన్ని స్టీమ్‌బోట్‌తో లాగించుకుంటూ మిసిసిపి, ఒహైయో నదుల మీద రేవు రేవుకీ ఆగి ఆడేవాళ్ళు. బురద లేదు, గుంజలు పాతక్కర్లేదు. కానీ నది ఎక్కడికి పోతే అక్కడికే సర్కస్. ఆ స్పాల్డింగే 1856లో రైలు కూడా ప్రయత్నించాడు, కానీ అప్పట్లో ఒక్కో రైలు కంపెనీ పట్టాల వెడల్పు ఒక్కోలా ఉండేది, సర్కస్ మొత్తాన్ని పట్టాల మీద దూరాలు తిప్పడం కష్టం.

అసలు మలుపు 1872. విస్కాన్సిన్‌లోని డెలవాన్ నుంచి డబ్ల్యూ. సి. కూప్, డాన్ కాస్టెలో అని ఇద్దరు సర్కస్ వాళ్ళు, న్యూయార్క్‌లో తన మ్యూజియం కాలిపోయి అరవయ్యేళ్ళ వయసులో రెస్ట్ తీసుకుంటున్న పి. టి. బార్నమ్ దగ్గరికెళ్ళి మీ పేరు, మీ డబ్బు ఇవ్వండి, సర్కస్ మేం నడుపుతాం అని ఒప్పించారు. 1871 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో మొదలైంది. బార్నమ్ సర్కస్ కనిపెట్టాడనుకుంటారు చాలామంది, ఆయన పేరు మోగించిన పెద్ద సర్కస్ మొదలైందే ఆయన ముసలితనంలో, అదీ వేరేవాళ్ళు పిలిస్తే. మొదటి ఏడాది బండ్లతోనే తిరిగారు, కూప్‌కి నచ్చలేదు, చిన్న చిన్న ఊళ్ళలో ఆగితే ఇంత పెద్ద షోకి ఖర్చు కూడా రాదు. మొత్తం రైలెక్కిద్దాం అన్నాడు, బార్నమ్ సహా అందరూ భయపడ్డారు, అయినా ఎక్కించాడు, 60కి పైగా బోగీలు.

ఎలా ఎక్కించాడో చూడండి, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే. గోడల్లేని చదును బోగీ మీదకి ఒక్కో బండినీ పక్క నుంచి ఎత్తి పెట్టాలంటే ఎంత టైం పడుతుంది, ఎంతమంది కావాలి? మొదటిసారి రాత్రంతా పట్టింది. కూప్ ఏం చేశాడంటే బోగీలన్నీ ఒకే ఎత్తులో వరసగా పెట్టించి, బోగీకీ బోగీకీ మధ్య ఇనప రేకులు పరిపించి, చివరి బోగీకి ఏటవాలు పలకలు ఆనించాడు. ఆ పలకల మీదుగా బండిని గుర్రాలతో పైకి లాగించడం, పైకొచ్చాక రైలు మొత్తం పొడుగునా అది దొర్లుకుంటూ ముందు చివరికి పోవడం, దాని వెనకే ఇంకోటి, దాని వెనక ఇంకోటి. దించేటప్పుడు బండి కిందున్న మనుషుల మీదకి ఉరక్కుండా ఒక మొద్దు స్తంభానికి తాడు చుట్టి మెల్లగా వదలడం. ఏ బండి ముందు కావాలో అది ముందు దిగేలా వరస ముందే రాసుకునేవాళ్ళు, అంటే వంటడేరా సామాను మొదటి రైల్లో, గుంజలూ కాన్వాసూ తర్వాత, ఆర్టిస్టులు నిద్రపోయే బోగీలు చివర్లో. తర్వాత 1890ల చివర బార్నమ్ అండ్ బెయిలీ కంపెనీ యూరప్ వెళ్ళినప్పుడు జర్మన్ సైన్యాధికారులు వచ్చి ఈ ఎక్కించడం దించడం గురించి నోట్సు రాసుకున్నారని చెప్తారు.

దీంతో లెక్కలన్నీ తిరగబడ్డాయి. ఒక్క రాత్రిలో వంద మైళ్ళు పోవచ్చు, కాబట్టి చిన్న ఊళ్ళు వదిలేసి పెద్ద ఊళ్ళకే ఆగొచ్చు, చుట్టుపక్కల పల్లెల జనాన్ని తగ్గింపు టికెట్ల స్పెషల్ రైళ్ళలో రప్పించొచ్చు. అంత జనం వస్తే పెద్ద గుడారం కావాలి, కానీ రింగ్ పెద్దది చేయడం కుదరదు, గుర్రాలకి అలవాటైన 42 అడుగులు మారిస్తే ఆటే చెడుతుంది. అందుకని రింగులు పెంచారు. 1870ల్లో రెండు, 1881లో బార్నమ్, జేమ్స్ బెయిలీల (ఓల్డ్ బెట్ యజమాని బెయిలీ వేరే ఆయన) కంపెనీలు కలిసినప్పుడు మూడు. మూడు రింగుల సర్కస్ అంటే ఆడంబరం కోసం పెట్టిందనుకుంటాం, దాని వెనక గుడారం సైజు లెక్కుంది, గుడారం వెనక రైలుంది.

దీనికి బలైపోయింది బఫూన్ గొంతు. వేలమంది కూర్చున్న గుడారంలో, మూడు చోట్ల ఒకేసారి ఆటలవుతుంటే, బ్యాండు మోగుతుంటే, మైకు లేని కాలంలో ఎవడి మాట ఎవడికి వినపడుతుంది? డాన్ రైస్ లాంటివాళ్ళకి పని లేకుండా పోయింది, ఆయన 1900లో చనిపోయేనాటికి జనం మర్చిపోయారు. వాళ్ళ స్థానంలోకి మొహానికి దట్టంగా రంగేసుకుని, పెద్ద బూట్లేసుకుని, కిందపడి లేచే మూగ బఫూన్ గుంపులు గుంపులుగా వచ్చాడు. సర్కస్ పిల్లల ఆట అని మనమనుకోవడం కూడా ఇక్కణ్ణుంచే బలపడింది. అంతకుముందు అది పెద్దవాళ్ళు వెళ్ళి రాజకీయాలు విని, గొడవపడి వచ్చే చోటు.

మరి మాట ఎక్కడికి పోయింది? థియేటర్లలోకి. టోనీ పాస్టర్ అని ఒకప్పుడు సర్కస్‌లో బఫూన్‌గా, రింగ్‌మాస్టర్‌గా చేసినాయన 1881లో న్యూయార్క్ 14వ వీధిలో థియేటర్ తీసుకుని, తాగుడూ బూతులూ లేకుండా ఆడవాళ్ళు కూడా రాగలిగే వెరైటీ షో పెట్టాడు. వాడెవిల్ అని తర్వాత దేశమంతా పాకింది అదే, పాట, జోకు, డాన్సు, గారడీ ఒకదాని తర్వాత ఒకటి.

పబ్లిసిటీ గురించి కొంచెం చెప్పాలి. ఆట కంటే కొన్ని వారాల ముందే రంగురంగుల పోస్టర్లు నింపుకున్న బోగీ ఒకటి వచ్చేది, అందులో మనుషులు దిగి ఊళ్ళో గోడలు, రైతుల పాకలు ఏదీ వదలకుండా అంటించేసేవాళ్ళు, పాక ఇచ్చిన రైతుకి ఫ్రీ టికెట్లు. ఎదుటి కంపెనీ పోస్టర్ మీద మన పోస్టర్ అంటించడం, దాని మీద గొడవలు, మామూలే. బెయిలీ ఇందులో మొనగాడు. 1880లో ఆయన కంపెనీలో ఒక ఏనుగు పిల్లని కంటే, లక్ష డాలర్లిస్తా అమ్మమని బార్నమ్ టెలిగ్రాం కొట్టాడు. ఈయన అమ్మలేదు, ఆ టెలిగ్రాంనే పెద్దది చేసి పోస్టర్ కొట్టించాడు. మరుసటేడే ఇద్దరూ భాగస్వాములయ్యారు. బార్నమ్ 1882లో లండన్ జూ నుంచి 10,000 డాలర్లకి కొన్న జంబో 1885లో కెనడాలోని సెయింట్ థామస్ రైల్వే యార్డులో గూడ్సు బండి గుద్దుకుని చనిపోతే, తర్వాత దాని తోలు ఒకచోట, ఎముకలు ఒకచోట నిలబెట్టి వాటినీ ఊరూరా తిప్పి చూపించారు.

మనుషుల ప్రదర్శన సంగతి రాయకుండా ఈ కథ చెప్తే అది అబద్ధమే. బార్నమ్ షోల జీవితం మొదలైందే 1835లో జాయిస్ హెత్ అనే బానిస స్త్రీతో. చూపు లేదు, ఒళ్ళు కదలదు, ఆమెకి 161 ఏళ్ళనీ, వాషింగ్టన్‌ని ఎత్తుకుని పెంచిందనీ చెప్పి చూపించాడు. మరుసటేడు ఆమె చనిపోతే శవపరీక్షకి కూడా మనిషికి 50 సెంట్లు టికెట్ పెట్టాడు, ఆమెకి 80 ఏళ్ళకి మించి లేవని అక్కడే తేలింది. 1880ల్లో ఇదే ఇంకా పెద్దదయ్యింది, ప్రపంచంలోని జాతులన్నిటినీ చూపిస్తాం అని దేశదేశాల నుంచి మనుషుల్ని తెచ్చి డేరాలో నిలబెట్టారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి అలా తీసుకొచ్చిన ఆదివాసుల్లో టాంబో అనే పేరు పెట్టిన ఆయన 1884లో క్లీవ్‌లాండ్‌లో జబ్బు చేసి చనిపోయాడు, ఆయన శవాన్ని పూడ్చనీయకుండా లేపనాలు పూసి బొమ్మలా చూపించారు. 1993లో ఆ శరీరం క్లీవ్‌లాండ్‌లో ఒక బేస్‌మెంట్‌లో దొరికింది, క్వీన్స్‌లాండ్ దగ్గరి పామ్ ఐలాండ్‌లోని ఆయన వాళ్ళు తీసుకెళ్ళి అంత్యక్రియలు చేసుకున్నారు. నూట పదేళ్ళ దాకా ఒక మనిషికి నేల దక్కలేదు. అందరి కథా ఒకటే కాదు, సయామ్ (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి వచ్చిన అవిభక్త కవలలు చాంగ్, ఎంగ్ కొన్నాళ్ళకి సొంతంగా షోలు నడిపించుకుని నార్త్ కరోలినాలో పొలాలు కొన్నారు, ఆ పొలాల్లో బానిసల్ని కూడా పెట్టుకున్నారు. ఎవరికి బేరమాడే బలం ఉంది, ఎవరికి లేదు అన్న దగ్గరే తేడా అంతా.

మిన్‌స్ట్రల్ షోలు కూడా సర్కస్ పక్కనే పెరిగాయి. తెల్లవాళ్ళు కాల్చిన బెరడు మసి మొహానికి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరిస్తూ పాడే షోలు, 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రల్స్‌తో పూర్తి స్థాయి షోగా మారాయి. అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్ళే సొంత ట్రూపులు పెట్టుకున్నారు, అదే అవమానకరమైన వేషాల్లో ఆడాల్సి వచ్చినా వాద్యగాళ్ళకి దొరికిన కొద్ది జీతాల్లో అదొకటి. బ్లూస్ సంగీతానికి పేరు తెచ్చిన డబ్ల్యూ. సి. హ్యాండీ 1896లో అలాంటి ట్రూపులోనే చేరాడు. ఇంకోవైపు మందుల షోలు, ఆట ఫ్రీ, మధ్యలో సర్వరోగ నివారిణి సీసా అమ్మకం. కౌబాయ్‌లు, రెడ్ ఇండియన్ల వేటలూ యుద్ధాలూ ఆడి చూపించే బఫెలో బిల్ వైల్డ్ వెస్ట్ షో 1883లో ఒమాహాలో మొదలైంది, అమెరికా ఆదివాసీ నాయకుడు సిటింగ్ బుల్ 1885లో దాంతో తిరిగాడు. దాన్ని కూడా చివరికి బెయిలీ తన రైలు పద్ధతిలోకి లాగాడు, 1895లో 190 రోజుల్లో 131 చోట్ల ఆడించాడు.

ఇక మన దేశం. ఇక్కడికి సర్కస్ రైలు మీద కాదు, ఓడ మీద వచ్చింది. ఇటలీకి చెందిన జుసెప్పే కియారిని అని ప్రపంచమంతా తిరిగిన సర్కస్ యజమాని 1870ల చివర్లో బొంబాయిలో ఆడాడు. భారతీయులకి ఇలాంటి సర్కస్ పెట్టడం చేతకాదు అన్నాడని, మహారాష్ట్రలోని కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రాల శిక్షకుడు విష్ణుపంత్ ఛత్రేకి అది గుచ్చుకుందని చెప్తారు. ఛత్రే గ్రేట్ ఇండియన్ సర్కస్ 1880 మార్చి 20న మొదటి ఆట ఆడింది. తర్వాత ఆయన కేరళలోని తలచేరి వెళ్ళినప్పుడు కళరి (కేరళ యుద్ధకళ), జిమ్నాస్టిక్స్ నేర్పే కీలేరి కుంజికణ్ణన్‌తో పరిచయమైంది, కుంజికణ్ణన్ 1901లో చిరక్కరలో సర్కస్ స్కూలు పెట్టాడు, దేశంలోని సర్కసుల్లో చాలాకాలం కేరళవాళ్ళే ఎక్కువ ఉండటానికి కారణం అదే. మనవైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, తర్వాత సొంత సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంచి కలియుగ భీముడు అనిపించుకున్నాడు.

ఓడలో ఇన్ని దేశాలు తిరిగేవాడు అరవై బోగీల సామాను మోసుకురాలేడు కదా. కియారిని తెచ్చింది పాత ఒక్క రింగ్ సర్కస్సే, ఛత్రే చూసిందీ నేర్చుకున్నదీ అదే. మూడు రింగుల కంపెనీలు ఇక్కడా ఒకటీ అరా వచ్చాయి గానీ మన సర్కసులు ఎక్కువగా ఒక్క రింగుతోనే నడిచాయి. అమెరికాలో నోరు మూతపడ్డ బఫూన్ మన డేరాల్లో మాత్రం రింగ్‌మాస్టర్‌తో వాదన పెట్టుకుంటూ, ఉయ్యాల అందక కిందపడి తిట్టుకుంటూ, గ్యాలరీ వాళ్ళతో మాటలు కలుపుతూ చాలాకాలం మాట్లాడుతూనే ఉన్నాడు.